శుక్రవారం కట్టని బిల్లు

సూర్యాపేటలో మేం పదకొండేళ్లు కిరాయికి ఉన్న ఇల్లు, కొనుక్కుందామని ఆశపడ్డ ఇల్లు, ఎనిమిది వందల ఎనభై అయిదు రూపాయల దగ్గర చేజారిపోయింది. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. నేను నవ్వడం లేదని చూశాక ఊరుకుంటారు. ఇప్పుడు రాస్తున్నాను కదా, నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి.

నేను సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. మా ఆయన మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు ఎత్తే లారీ నడుపుతాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే ఎక్కువ. ఇద్దరు పిల్లలు. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమెది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. నాన్న పోయాక కూడా నాలుగేళ్లు ఒక్కతే గొర్లు కాసింది. మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి నా దగ్గరికి వచ్చింది. ఆ గొర్ల డబ్బును మాత్రం ముట్టనివ్వలేదు. అది ఇంటికి, అంతే. ఎందుకో కూడా దాచకుండా చెప్పేది. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గడప లోపల ఉంచనివ్వరు, రోడ్డు మీద షామియానా కింద పడుకోబెడతారు. మా వీధిలోనే ఒక ముసలాయనకు అలా జరగడం అమ్మ కళ్లారా చూసింది. "నన్నట్ల బజార్ల పండబెట్టకు బిడ్డా" అంది ఆ రోజు. ఆమె తన చావు గురించి మాట్లాడిన ఒకే ఒక్క మాట అది. అప్పటి నుంచి సొంత ఇల్లు అంటే నాకు గోడలూ తలుపులూ కాదు, ఆ మాటే.

కార్డు నేను అడిగి తీసుకోలేదు. నా మొదటి ఉద్యోగం కోదాడలో, జీతం ఖాతా అక్కడి బ్యాంకులోనే ఉండిపోయింది. ఆ బ్యాంకు తరఫున ఒకామె మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని మా వార్డుకు వచ్చింది. జీవితాంతం ఉచితమంది. రేపు ఇంటి లోనుకు పోతే ఈ కార్డు ఉంటేనే మీకు మంచి పేరుంటది మేడమ్ అంది. ఇల్లు అనే మాట వినగానే నేను సంతకం పెట్టేశాను. సెలైన్ బాటిల్ మీద గడువు తేదీ రెండుసార్లు చూసే దాన్ని, ఆ ఫారం మాత్రం ఒక్కసారి కూడా చదవలేదు.

ఆ కార్డుతో నేను కొన్న పెద్ద వస్తువు వాషింగ్ మెషిన్ ఒక్కటే. పద్దెనిమిది వేలు. బిల్లు కట్టాల్సిన ఆఖరి రోజు శ్రావణ మాసంలో శుక్రవారం పడింది. పొద్దున డ్యూటీకి తయారవుతూ ఫోన్‌లో కట్టేద్దామని కూర్చుంటే అమ్మ చూసింది. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపుతావా అని అడ్డు పడింది. డబ్బు ఇంట్లోంచి పోవడం లేదు, ఫోన్‌లోంచి పోతోంది అన్నాను.

"ఫోన్ ఏడున్నది మరి? ఇంట్లనే కదా ఉన్నది" అంది.

నాకు నవ్వొచ్చింది. అమ్మ మంద ఉన్నన్నాళ్లూ శుక్రవారం ఒక్క జీవాన్ని అమ్మి ఎరగదు. బేరగాడు వచ్చి నిలబడ్డా శనివారం రమ్మనేది. నేను నమ్ముతానా అంటే చెప్పలేను, నమ్మనా అంటే అదీ చెప్పలేను. మా వార్డులో కూడా శుక్రవారం డిశ్చార్జి అనగానే సగం మంది ముఖం అదోలా పెడతారు, రేపు పొద్దున పోతం సిస్టర్ అంటారు. ఇదీ అంతే అనుకున్నాను. శనివారం తెల్లారి ఆరు గంటలకు, పాలు పొయ్యి మీద పెట్టి, మొత్తం పద్దెనిమిది వేలూ ఒక్క రూపాయి మిగల్చకుండా కట్టేశాను. ఆలస్యం ఒక్క రోజు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆరు గంటలు.

తర్వాతి నెల బిల్లులో లేటు ఫీజు ఏడు వందల యాభై, దాని మీద పన్ను నూట ముప్పై అయిదు, అది కాక వడ్డీ. వడ్డీని తిట్టుకుంటూ కట్టాను. లేటు ఫీజు గురించి అడుగుదామని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కోసం తొమ్మిది నొక్కమంది. నొక్కితే మీ కాల్ మాకు ఎంతో విలువైనది అని తెలుగులో చెప్పి, ఇరవై నిమిషాలు సన్నాయి వాయించి, హిందీ మాట్లాడే మనిషికి అప్పజెప్పింది. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మొదటిసారి కాబట్టి తీసేస్తాం, ఏడు పని దినాల్లో పోతుంది, ఆ మొత్తం మాత్రం కట్టకండి, కడితే వెనక్కి రాదు అన్నాడు. ఫిర్యాదు నంబరు ఇచ్చాడు. నేను కట్టలేదు. నా తప్పుల్లో ఇది రెండోది, మాట నమ్మడం.

ఏడు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. పరిష్కారం ఏమిటో మాత్రం అందులో లేదు. ఆ తర్వాతి నెల బిల్లులో ఆ ఎనిమిది వందల ఎనభై అయిదు అలాగే ఉంది, అది కట్టనందుకు కొత్త లేటు ఫీజు దాని నెత్తిన కూర్చుంది. మళ్లీ ఫోన్, మళ్లీ తొమ్మిది, మళ్లీ సన్నాయి. ఈసారి మనిషి వేరు. అట్లా మాట ఇచ్చినట్టు మా దగ్గర రికార్డు లేదు మేడమ్ అంది. నంబరు చెప్పాను. అది క్లోజ్ అయింది, క్లోజ్ అయిన దాన్ని తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోండి అంది. పెట్టుకున్నాను. అదీ క్లోజ్ అయింది.

నేను వార్డులో రాసినట్టే ఒక నోటుబుక్కులో అన్నీ రాసిపెట్టాను. తేదీ, గంట, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు. పేరడిగితే ఏదో ఒక పేరు చెప్పి పెట్టేస్తారు. పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. పద్నాలుగు మంది క్షమించండి అన్నారు. ఆ క్షమించండి అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఏం చేశారని క్షమించాలో ఒక్కరూ చెప్పలేదు. గోడకు చెప్పుకున్నా నయం, గోడ కనీసం నక్షత్రాలు అడగదు.

చలికాలం వచ్చేసరికి వసూలు చేసేవాళ్లు దిగారు. మొదట మేడమ్ అన్నారు, తర్వాత అమ్మా అన్నారు, ఆ తర్వాత నువ్వు అన్నారు. గవర్నమెంటు జీతం తింటూ ఎనిమిది వందలు కట్టలేవా అని ఒకడు అడిగాడు. అప్పటికి అది ఎనిమిది వందలు కూడా కాదు, మూడు వేలు దాటించారు. నేను ఫోన్ ఎత్తకపోతే హెడ్ నర్సుకు చేశారు, ఆమె నంబరు ఎక్కడ దొరికిందో వాళ్లకే తెలియాలి. మీ దగ్గర పనిచేసే ఆమె అప్పు ఎగ్గొట్టి తిరుగుతోంది అన్నారట. హెడ్ నర్సు మంచిదే, నాకు చెప్పి ఊరుకుంది. కానీ ఆ మధ్యాహ్నం నేను స్టాకు రూములోకి వెళ్లేసరికి ఇద్దరు మాట ఆపేశారు. ఇరవై ఏళ్ల సర్వీసులో నా ముందు మాట ఆపేయడం అదే మొదటిసారి. ఆ బ్యాంకు వాళ్లు నా ఎదురుగా ఉంటే ఆ రోజు ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

మా ఆయన ఆ మూడు వేలు పారేసి పీడ వదిలించుకోమన్నాడు. తీసేస్తామని మాట ఇచ్చి తీయకపోతే నేనెందుకు పారేయాలి అన్నాను. నా మొండితనం గురించి ఆయనకు తెలుసు, లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఇంటి యజమాని నుంచి ఫోన్ వచ్చింది. ఆయన మిర్యాలగూడలో ఉంటాడు, రైస్ మిల్లు ఉంది. సూర్యాపేట ఇల్లు అమ్మేస్తున్నానని, పదకొండేళ్ల నుంచి ఉంటున్నాం కాబట్టి ముందు మమ్మల్నే అడుగుతున్నానని, ఉగాది లోపు తేల్చమని చెప్పాడు. ధర కూడా దండుకునే ధర కాదు. అమ్మ ఆ రోజు ఇల్లంతా తిరిగింది. వంటింటి గోడ తడిమి చూసింది, పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ కలుపు పీకింది. రాత్రి అన్నం దగ్గర గొర్ల డబ్బు మొత్తం తీసుకోమంది. మిగతాది లోనుకు పెట్టాను. నా జీతానికి లోను రాకపోవడమనేది ఉండదని అనుకున్నాను, అందుకని సూర్యాపేటలోనే వేరే బ్యాంకులో కాగితాలన్నీ ఇచ్చి వచ్చాను.

పది రోజులకు మెసేజ్ వచ్చింది. దరఖాస్తు తిరస్కరించబడింది, కారణం క్రెడిట్ కార్డు బకాయి.

ఆ మెసేజ్ నేను ఇంట్లోనే చదివాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. లోను వచ్చిందా అని అడిగింది. నేను అప్పటిదాకా పద్నాలుగు మందితో మర్యాదగా మాట్లాడి ఉన్నాను, ఆ మర్యాదంతా ఎక్కడికో పోయింది.

"ఏడొస్తది? నీ శుక్రారం మింగింది నా ఇల్లు. నువ్వు అడ్డం పడకుంటే ఆ దినమే కడ్తుంటి. గొర్లకాడి సంగతులు తెచ్చి నా నెత్తిన పెట్టినవ్."

ఇంకా అన్నాను. రాయను. అమ్మ చాట పక్కన పెట్టింది. నేను తలుపు ధడాలున వేసి డ్యూటీకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆమె శుక్రవారం ఊసు ఎత్తలేదు. రెండు వారాలకు పాలాయన శుక్రవారం పొద్దున్నే లెక్క అడిగితే, అమ్మే కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. నాకేం అనిపించలేదని అబద్ధం చెప్పను. అనిపించింది, కానీ కోపం దాని కన్నా పెద్దగా ఉంది.

లోను బ్యాంకులో ఆ ఫైలు చూసిన ఆఫీసరు నా ఈడు ఆడమనిషి. ఎందుకు కాదన్నారో అడుగుదామని వెళ్లాను. ఆమె నా క్రెడిట్ రిపోర్టు తెరిచి, ఎన్ని రోజులు ఆలస్యం చేశారు మేడమ్ అని అడిగింది. ఒక్క రోజు అన్నాను. నమ్మలేదు. నోటుబుక్కు, ఫోన్‌లో శనివారం రసీదు చూపించాను. ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది.

"ఒక్క దినానికి లేటు ఫీజు వేసుడు లేదు మేడమ్. గడువు దాటినంక మూడు దినాలు ఆగాలె. గా రూలు అన్ని బ్యాంకులకు ఉన్నది" అంది.

నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. అంటే మొదటి ఏడు వందల యాభైయే అక్రమం. దాని మీద పన్ను అక్రమం, దాని మీద పెరిగినవన్నీ అక్రమం, నా పేరు పక్కన పడ్డ మచ్చ అక్రమం. పద్నాలుగు మందిలో ఒక్కరైనా ఈ ముక్క చెప్పలేదు. వాళ్లకు తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు? తెలిసి చెప్పకపోతే ఇంకేమనాలి? ఇప్పుడు డబ్బు కట్టేసినా రిపోర్టులో మచ్చ పోదట. తప్పు తమదని ఆ బ్యాంకు రాసిస్తే ఫైలు మళ్లీ పైకి పంపుతానంది ఆఫీసరు.

మరునాడు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. బ్రాంచి మేనేజరు నన్ను కూర్చోమని, టీ తెప్పించి, అంతా విని, నిట్టూర్చాడు. కార్డుల విభాగం వేరండి, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో మాక్కూడా తెలీదండి, మేమూ అదే నంబరుకు ఫోన్ చేస్తామండి అన్నాడు. కార్డు అంటగట్టేటప్పుడు మాత్రం మీ బ్రాంచి మనిషే కదా వచ్చింది అన్నాను. ఆవిడ మానేసిందండి అన్నాడు.

"సార్, ఆ మూడు వేలు ఇప్పుడే కడ్త. నాకు పైసలు వాపస్ ఒద్దు. తప్పు మీదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి, చాలు."

"అలా రాసిచ్చే అధికారం నాకు లేదండి" అన్నాడు.

అప్పుడు నేను మా వార్డు సంగతి చెప్పాను. కేస్ షీట్‌లో మేం ఏదైనా తప్పు రాస్తే చెరిపేయకూడదు, తెల్ల రంగు పూయకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, తప్పు కింద కనిపిస్తూనే ఉండగా, పక్కన ఒప్పు రాసి సంతకం చేసి టైము వేయాలి. చెరిపిన నర్సుకు ఉద్యోగం ఉండదు. ఒక మనిషి ప్రాణం కాగితం మీద ఉన్నప్పుడు మేం ఆ మాత్రం చేస్తున్నాం, మీకేం వచ్చింది అని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా కంప్యూటరు వైపు చూశాడు. నేను లేవలేదు. లంచ్ అయింది, షట్టరు సగం దించారు, అయినా లేవలేదు. చివరికి ఆయన ఒక ఫారం ముందు పెట్టాడు. అభిప్రాయం రాయమని. అందులోనూ నక్షత్రాలు ఉన్నాయి. చించేద్దామనుకుని, చించకుండా మడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను. టీ మాత్రం తాగాను, కోపమొచ్చినా నేను టీ మానను.

తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను, రూలు కూడా అందులో రాశాను. వాళ్లకు జవాబివ్వడానికి నెల గడువట. నాకు ఒక రోజు ఆలస్యమైతే ఫీజు, వాళ్లకు నెల రోజులు హక్కు. ఆ నెలంతా జవాబు రాలేదు. అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు పంపాను. ఈ లోపల ఉగాది వచ్చి పోయింది.

గడువు పొడిగించమని అడగడానికి మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు ఆఫీసులో యజమాని కాంటా చీటీలు చూసుకుంటున్నాడు. ఆయన్ని చెడ్డవాడని అనలేను. వాళ్ల తమ్ముడు ఎలక్షన్లలో నిలబడుతున్నాడు, డబ్బు అవసరం ఉంది. హుజూర్‌నగర్ నుంచి ఒకాయన మొత్తం నగదు పట్టుకుని తయారుగా ఉన్నాడు. అయినా ఇరవై రోజులు ఇచ్చాడు. "అప్పటికి కాకుంటే నన్ను అనొద్దు చెల్లె" అన్నాడు. ఇరవై ఒకటో రోజు ఇంకొకరి దగ్గర బయానా తీసుకున్నానని ఫోన్ చేశాడు. నేను ఆయన్ని ఏమీ అనలేదు.

మే నెల ఎండలో సామాను దించాం. ఇప్పుడు రెండు వీధుల అవతల పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాం. పద్దెనిమిది మెట్లు. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఆరో మెట్టు దగ్గర ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి కూర్చుని ఎక్కుతుంది. ఈ ఇంటి ఓనరు మొదటి రోజే షరతులన్నీ చెప్పాడు. నీళ్ల గురించి, గోడకు మేకుల గురించి చెప్పి, అమ్మను ఒకసారి చూసి, ముసలోళ్లున్నరు కదా, అట్లాంటిదేమన్నా అయితే కింద గేటు బయటే చూసుకోవాలె అన్నాడు. అమ్మ అక్కడే నిలబడి ఉంది. సరే అని ఆమే తలూపింది.

జూన్‌లో, అంబుడ్స్‌మన్ అడిగాక, కార్డు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. మా విలువైన కస్టమర్ పట్ల సౌహార్దంతో మొత్తం ఛార్జీలు రద్దు చేస్తున్నాం, మీ రికార్డు సవరిస్తున్నాం, దీన్ని బ్యాంకు తరఫున తప్పు అంగీకరించినట్టుగా భావించరాదు అని ఉంది. తప్పు అనే మాట ఆ ఉత్తరంలో వచ్చింది ఆ ఒక్క చోటే, అదీ కాదనడానికి. సౌహార్దమట! ఇల్లు పోగొట్టి సౌహార్దం పంపారు. నేను అడిగింది ఒక్క ముక్క, దాన్ని తప్ప అన్నీ రాశారు. ఆ కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేశాను, కానీ అదేం పెద్ద సుఖం ఇవ్వలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి బజారులో అమ్మకు ఒక నేత చీర కొన్నాను. సన్న అంచు, ఆమెకు నచ్చే ఆకుపచ్చ. ఇంటికొచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. అంచు వేళ్లతో పట్టి చూసి, ఇప్పుడెందుకు చీర అని అడిగింది. బ్యాంకు ఉత్తరం గురించి చెప్పాను. ఒక్క రోజు ఆలస్యానికి వాళ్లు ఆ ఫీజు వేయకూడదట, శుక్రవారం కట్టకపోవడం వల్ల ఏమీ కాలేదు, అంతా వాళ్ల నిర్వాకమే అని వివరంగా చెప్పాను. ఈ సంగతి నాకు లోను ఆఫీసరు చెప్పి అప్పటికి మూడు నెలలు దాటింది. ఆ మూడు నెలలూ అమ్మకు చెప్పలేదు.

అమ్మ చీర మడత విప్పలేదు.

"గట్లయితే ఆ దినం నన్నెందుకన్నవ్ బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

పిల్లలకు అన్నం పెట్టాలి అని లేచి వంటింట్లోకి వెళ్లాను. కుక్కరు పెట్టాను. వెనక్కి వచ్చేసరికి ఆమె చీరను బీరువాలో పెట్టి, తలుపు దగ్గర కూర్చుని ఉంది. మళ్లీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఎనిమిది నెలలు ఒక బ్యాంకు వెంటపడి తప్పు ఒప్పుకోమని కొట్లాడిన దాన్ని. నా వంతు వచ్చేసరికి చీర ఇచ్చి సరిపెట్టాను.

ఆ చీర అమ్మ ఇప్పటిదాకా కట్టలేదు. నేనూ చెప్పలేదు. తప్పు నాదమ్మా, నీది కాదు అని ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మకు చదువు రాదు, అందుకే రాయడం నాకు సులువుగా ఉంది.